ఎంజీబీ హీటర్: నీళ్ళ దారి వేరు, గాలి దారి వేరు

కారు 1972 ఎంజీబీ జీటీ, పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పాలంటే, హీటర్ వేస్తే వెచ్చదనం లేదు, ముందు అద్దానికి పట్టిన ఆవిరి పోదు. బండి ఓనర్ మన తెనాలి అమ్మాయి. ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు. పక్కింటి ముసలాయన కారు నడపడం మానేస్తూ ఈవిడకి అమ్మేశాడు. ఉదయం ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. జనవరి చీకట్లో ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేతి గ్లవ్‌తో అద్దం తుడుచుకుంటూ వెళుతోందిట.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి బాబాయ్ గారూ, రోడ్డే కనపడటం లేదు" అంది.

అంతకు ముందు చూపించిన గ్యారేజీ వాళ్ళు హీటర్ మ్యాట్రిక్స్ మూసుకుపోయిందన్నారట. మ్యాట్రిక్స్ అంటే హీటర్ డబ్బాలో ఉండే చిన్న రేడియేటర్. డబ్బా మొత్తం దించి కొత్తది వేయాలన్నారు. ఎంజీబీలో హీటర్ దించడమంటే ఎంత పనో ఈ బండితో తిప్పలు పడ్డ ఎవరినడిగినా చెబుతారు. ఇంజను వెనక గోడలో ఒక గుంటలో కూర్చుని ఉంటుంది. స్క్రూలు బానెట్ కింద, గొట్టాలూ కేబుళ్ళూ లోపల డ్యాష్‌బోర్డు కింద. యాభై ఏళ్ళుగా అంటుకుపోయిన డబ్బాని బతిమాలి పైకి లాగాలి. అందుకే రెండో మాట కోసం నా దగ్గరికి తెచ్చింది.

ఈ ఇంజను నాకు కొత్త కాదు. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నదే అంబాసిడర్ల మీద. అంబాసిడర్‌లో 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, ఎంజీబీలో 1798 సీసీ ఇంజనూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబం. ఒకడు టాక్సీ తోలాడు, ఇంకొకడు స్పోర్ట్స్ కారెక్కాడు, అంతే తేడా. బానెట్ ఎత్తితే డిస్ట్రిబ్యూటర్ ఎక్కడుంటుందో చెయ్యి దానంతటదే వెతుక్కుంటుంది. కానీ హీటర్ మాత్రం నాకు ఇక్కడికొచ్చాకే పరిచయం. బెజవాడ ఎండల్లో కారుకి హీటర్ ఎవరడుగుతారు! ఇంగ్లండ్‌లో కూడా 1962లో ఎంజీబీ వచ్చిన కొత్తలో హీటర్ కావాలంటే అదనంగా డబ్బు కట్టాల్సిందే.

ముందు వ్యవస్థ ఎలా ఉంటుందో చెబుతాను, లేకపోతే తరవాతి గొడవ అర్థం కాదు. సిలిండర్ హెడ్ వెనక భాగంలో, కుడి పక్కన ఒక చిన్న వాల్వు ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ నాబ్ తిప్పితే కేబుల్ ఆ వాల్వుని తెరుస్తుంది. ఇంజనులో కాగిన నీళ్ళు అక్కణ్ణించి హోస్ గుండా మ్యాట్రిక్స్‌లోకి వెళ్ళి, ఇంజను పక్కగా ముందుకు పోయే సన్నటి లోహపు పైపులోంచి రేడియేటర్ కింది హోస్‌లో కలుస్తాయి. ఇది నీళ్ళ దారి. గాలిది ఇంకో దారి. ముందు అద్దం కింద ఉన్న జాలీలోంచి బయటి గాలి లోపలికి దిగుతుంది, ఫ్యాను దాన్ని మ్యాట్రిక్స్ మీదుగా తోస్తుంది, లోపల ఒక రేకు తలుపు ఆ గాలిని కాళ్ళకో అద్దానికో పంచుతుంది. అద్దానికి వెళ్ళేది రెండు మడతల గొట్టాల్లోంచి, డ్యాష్ మీద ఉన్న రెండు సన్నటి చీలికల దాకా.

మొదటి రోజు

బయట 3 డిగ్రీలు. ఇరవై నిమిషాలు నడిపి తెచ్చి కొలతలు తీశాను. థర్మోస్టాట్ హౌసింగ్ మీద 61 డిగ్రీలు. థర్మోస్టాట్ అంటే ఇంజను వేడెక్కేదాకా రేడియేటర్ వైపు నీళ్ళ దారి మూసి ఉంచే చిన్న తలుపు, హౌసింగ్ దాని గూడు. కాళ్ళ దగ్గర వచ్చే గాలి 17, అద్దం చీలిక దగ్గర 12. బానెట్ ఎత్తి రెండు హీటర్ హోస్‌లూ చేత్తో పట్టుకున్నాను. లోపలికి వెళ్ళేది గోరువెచ్చగా ఉంది, బయటికి వచ్చేది చల్లగా ఉంది.

ఇక్కడే నేను పొరపాటు పడ్డాను. లోపలికి వెచ్చన, బయటికి చల్లన అంటే మ్యాట్రిక్స్‌లో అడ్డం ఉందని మా వాళ్ళంతా చెప్పుకునే లెక్క. "వాళ్ళు చెప్పిందే నిజమేమోనమ్మా" అనేశాను కూడా. ఆవిడ మొహం పడిపోయింది. కానీ ఆ 61 నన్ను నిలవనివ్వలేదు. ఇరవై నిమిషాలు నడిచిన ఇంజను 61 దగ్గర ఎందుకుంటుంది? ఈ బండికి మామూలుగా వేసేది 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్. చలి ప్రాంతాలకి 88, వేడి ప్రాంతాలకి 74.

"టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఉంటుందమ్మా మామూలుగా?"

"సగానికి కూడా రాదండి. ఇంజను చల్లగా ఉందని నేను సంతోషపడుతున్నా."

ఇంజను చల్లారాక హౌసింగ్ మీది మూడు నట్లు విప్పి చూస్తే లోపల థర్మోస్టాట్ లేనే లేదు. ఖాళీ గుంట. నవ్వొచ్చింది. ఇది అచ్చం మా ఆటోనగర్ వైద్యం. మే నెలలో అంబాసిడర్ కాగిపోతోందని ఎవరైనా వస్తే మొదట చేసే పని థర్మోస్టాట్ పీకి అవతల పారేయడమే. నేనే ఎన్ని పీకానో లెక్క లేదు. ఇక్కడ కూడా ఎప్పుడో ఏ ఎండాకాలంలోనో ట్రాఫిక్‌లో కాగిందని ఎవరో తీసేసి ఉంటారు.

థర్మోస్టాట్ లేకపోతే రెండు నష్టాలు. ఒకటి అందరికీ తెలిసిందే, ఇంజను వేడెక్కదు. రెండోది చాలామంది పట్టించుకోరు. పంపు తోసే నీళ్ళకి రేడియేటర్ వైపు పెద్ద తలుపు బార్లా తెరిచి ఉంటే, సన్నటి హీటర్ పైపులోకి ఎందుకు వెళతాయి? థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడే హీటర్‌కి నీళ్ళు బాగా అందుతాయి. పొద్దున్నే బండి తీసిన మొదటి పది నిమిషాల్లో మనకి కావలసింది అదే.

కొత్తది 88 డిగ్రీలది తెప్పించాను. కొత్తదైనా పరీక్షించకుండా వేయను. ఆవిడ వంటింట్లోనే పాల గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టాం. అది గిన్నె అడుక్కి తగలకూడదు, తగిలితే లెక్క తప్పుతుంది. 87 దగ్గర సన్నగా కళ్ళు తెరిచింది. "ఆపరేషన్ థియేటర్లో కూడా ఇంత టెన్షన్ పడను" అంది ఆవిడ. బిగించేటప్పుడు చిన్న పిన్ను ఊగే రంధ్రం పైవైపు వచ్చేలా చూసుకోవాలి, చిక్కుకున్న గాలి బయటికి పోయేది అందులోంచే.

మళ్ళీ నడిపి చూస్తే హౌసింగ్ మీద 86. ఇంజను గొంతు కూడా మారింది. కానీ కాళ్ళ దగ్గర గాలి 24 డిగ్రీలే. ఇంజను కాగుతున్నా ఆ వేడి లోపలికి రావడం లేదు.

వాల్వు వెనక

ఇప్పుడు హోస్‌లు మళ్ళీ పట్టుకుంటే తేడా ఇంకా ఎక్కువైంది. వెళ్ళేది వేడి, వచ్చేది చల్లన. మ్యాట్రిక్స్‌కి ఉరిశిక్ష వేసేముందు ఒక పని చేశాను. రెండు హోస్‌లూ మ్యాట్రిక్స్ దగ్గర విప్పి, ఒక చివరకి తోట పైపు పెట్టి నెమ్మదిగా నీళ్ళు వదిలాను. ఒత్తిడి ఎక్కువ పెట్టకూడదు, పాత టంకం ఊడుతుంది. రెండో చివర నుంచి ధారగా నీళ్ళొచ్చాయి. బకెట్ నిండటానికి నిమిషం పట్టలేదు. మ్యాట్రిక్స్ లోపల అడ్డమేమీ లేదు. హీటర్ దించక్కర్లేదని ఆవిడకి చెప్పాను.

చేత్తో పట్టుకుని చూసే పరీక్ష దారిలో అడ్డం ఉందని చెబుతుంది. ఎక్కడ ఉందో చెప్పదు. నీళ్ళు నెమ్మదిగా వస్తే, అడ్డం ముందున్నా వెనకున్నా, మ్యాట్రిక్స్‌లోకి వెచ్చగా పోయి అందులోనే చల్లారి చల్లగానే బయటికొస్తాయి. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పరీక్షలో ఈ సంగతి నాకు అప్పుడే బుర్రకెక్కింది.

మిగిలింది వాల్వు. నాబ్ తిప్పమని ఆవిడకి చెప్పి నేను వాల్వు లీవర్ చూశాను. లోపల నాబ్ పూర్తిగా తిరిగినా లీవర్ సగమే కదులుతోంది. కేబుల్ బయటి తొడుగుని పట్టుకునే క్లిప్పు వదులైంది, లోపలి తీగ లాగితే తొడుగు కూడా దానితో జారుతోంది. క్లిప్పు బిగిస్తే అయిపోయింది, రెండు నిమిషాల పని. అయినా పెద్ద ఫలితం లేదు.

ఇంక వాల్వుని విప్పాల్సిందే. రేడియేటర్ నిండా కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే నీళ్ళు) ఉండగా విప్పితే ఆ రంధ్రంలోంచి బడబడా కారాలి, ఎందుకంటే రేడియేటర్ లోపలి మట్టం దానికన్నా ఎత్తు. అందుకని కింద ట్రే పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, రెండు నట్లు విప్పి వాల్వుని గబుక్కున లాగాను.

ఒక్క చుక్క కూడా రాలేదు.

టార్చి వేసి చూస్తే హెడ్‌లో రంధ్రం ఉండవలసిన చోట గోధుమరంగు గోడ. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే మెత్తగా దిగింది. పాత జాడీ అడుగున ఎండిపోయిన చింతపండులా ఉంది. వంచిన తీగతో కెలుకుతూ పోతే ముందు ముద్దలుగా, తరవాత బురదగా, ఉన్నట్టుండి ఒక్కసారిగా నీళ్ళు ఎగదన్నాయి. మోచేతుల దాకా తడిసిపోయాను. పక్కన నిలబడ్డ డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది.

ఇది ఈ ఇంజనులకి సహజమైన జబ్బు. పంపు ముందుంటుంది, ఇంజను వెనక్కి కాస్త వాలి కూర్చుంటుంది. పోత ఇనుము తుప్పు, నీళ్ళలోని సున్నం, ఏళ్ళ తరబడి మార్చని కూలెంట్ అడుగు, అంతా వెనక మూలకి చేరుతుంది. హీటర్‌కి నీళ్ళు ఇచ్చేది ఆ మూలే. హెడ్‌లో అంత ఉంటే బ్లాక్‌లో ఎంతుంటుందో అని వెనకనున్న డ్రెయిన్ ట్యాప్ తిప్పాను, ఏమీ రాలేదు. ట్యాప్ మొత్తం ఊడదీసి తీగతో పొడిస్తే కుంకుడు రసం రంగులో పావుగంట సేపు కారింది. థర్మోస్టాట్ మళ్ళీ తీసి, ఇంజనుని ముందు నుంచీ వెనక నుంచీ మార్చి మార్చి కడిగాను. నీళ్ళు తేటగా వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఆవిడ తెచ్చిన పులిహోర అప్పుడు తిన్నాం.

ట్రాఫిక్‌లో కాగిందని ఎవరో థర్మోస్టాట్ తీసేశారు అనుకున్నాను కదా, ఆ కాగడానికి అసలు కారణం కూడా ఈ బురదే అయి ఉంటుందని నా అనుమానం. నిరూపించలేను.

నింపేటప్పుడు ఇంకో జాగ్రత్త. హీటర్ ఎత్తులో ఉంటుంది కాబట్టి అందులో గాలి చిక్కుకుంటుంది. మ్యాట్రిక్స్ నుంచి బయటికి వచ్చే హోస్ విప్పి ఉంచి, అక్కడ కూలెంట్ కనపడేదాకా వాల్వు తెరిచి నింపి, అప్పుడు బిగించాలి. ఇది మరిచిపోయి, ఇంత పనీ చేసి మళ్ళీ చల్ల గాలే వచ్చిందని తల పట్టుకున్న వాళ్ళని చూశాను. కూలెంట్ సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం శుద్ధి చేసిన నీళ్ళు. ఆటోనగర్‌లో పోసే కుళాయి నీళ్ళు ఇక్కడ పోస్తే చలికి గడ్డకట్టి బ్లాక్ పగులుతుంది, తుప్పు సంగతి తరవాత.

కొలతలు: వెళ్ళే హోస్ 81, వచ్చే హోస్ 66. కాళ్ళ దగ్గర గాలి 43. అద్దం చీలిక దగ్గర మాత్రం 19, అదీ ఉందా లేదా అన్నట్టు వస్తోంది.

గాలి సంగతి

ఆవిడ అసలు ఫిర్యాదు అద్దం. కాళ్ళు వెచ్చగా ఉండి రోడ్డు కనపడకపోతే ఏం లాభం? ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 229వ నియమం చలికాలంలో బండి తీసేముందు అద్దాలన్నీ శుభ్రం చేసుకోవాలని, ఆవిరి పూర్తిగా పోవాలని చెబుతుంది. నలభై ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులేవీ చేయని బండికి ఏటా చేయించే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. అందుకని ఇలాంటి బండిని ఏడాదికోసారి చూసే కళ్ళు కూడా లేవు.

గాలి ఎటు పోతోందో చూడటానికి నేను వాడేది అగరుబత్తి. ఫ్యాను వేసి, రేకు తలుపు అద్దం వైపు తిప్పి, వెలిగించిన బత్తిని డ్యాష్ కింద నెమ్మదిగా తిప్పాను. ఎడమ పక్కకి వచ్చేసరికి పొగ ఒక్కసారి చెదిరిపోయింది. తల కింద పెట్టి, కాళ్ళు సీటు మీద పెట్టి చూస్తే అద్దానికి వెళ్ళే ఎడమ గొట్టం హీటర్ మెడ నుంచి ఊడి వేలాడుతోంది. డ్రైవర్ వైపు గొట్టం మీద ఎవరో రేడియో తీగలు కట్టి నలిపేశారు. రెండింటికీ కొత్తవి వేశాను. చెప్పడానికి రెండు ముక్కలే గానీ, నా వయసులో ఆ భంగిమలో ముప్పావు గంట ఉండటం మాటలు కాదు.

ఫ్యాను కూడా నీరసంగా ఉంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, ఫ్యాను మోటార్ దగ్గర 11.6. ఈ బండిలో బ్యాటరీలు రెండు, చెరో 6 వోల్టులవి, సీట్ల వెనక నేల కింద ఉంటాయి. అక్కడ తప్పు లేదు. ఫ్యూజు బాక్సు క్లిప్పుల మీద పచ్చటి చిలుము, మోటార్‌కి వెళ్ళే ఆకుపచ్చ మీద పసుపు గీత తీగ బుల్లెట్ కనెక్టర్‌లో తుప్పు, నల్ల తీగ ఎర్త్ దగ్గర వదులు. మూడూ గీకి బిగిస్తే 13.3కి వచ్చింది, ఫ్యాను చప్పుడు పెరిగింది.

చీలిక దగ్గర 27 డిగ్రీలు. బాగుంది కానీ చాలదు. కాళ్ళ దగ్గర కూడా అంత బలమైన ఫ్యానుకి రావలసినంత గాలి రావడం లేదు. ఇక్కడ ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను: "హీటర్ దించాలమ్మా."

అవతల కాసేపు నిశ్శబ్దం. "వద్దని మీరే కదా బాబాయ్ గారూ అన్నారు?"

"అప్పుడు నీళ్ళకోసం వద్దన్నా. ఇప్పుడు గాలికోసం కావాలి."

ఒక శనివారం మొత్తం పట్టింది. డబ్బా పైకి వచ్చి మూత తీశాక, ముందు గ్యారేజీ వాళ్ళని మనసులో తిట్టుకున్నందుకు కాస్త సిగ్గేసింది. మ్యాట్రిక్స్ నిజంగానే మూసుకుపోయింది, కానీ బయట నుంచి. డబ్బా లోపల అంచులకి అంటించిన స్పాంజి యాభై ఏళ్ళకి పొడిపొడిగా రాలింది. జాలీలోంచి దిగిన ఆకుల చెత్త, ఈ స్పాంజి పొడి కలిసి తడికి ముద్దై, మ్యాట్రిక్స్ రెక్కల మీద చాపలా పరుచుకున్నాయి. వేలితో ఎత్తితే ఒక మూల నుంచి అట్టలా లేచి వచ్చింది. స్పాంజి లేని అంచుల్లోంచి గాలి మ్యాట్రిక్స్‌ని తాకకుండా పక్కనుంచి జారిపోతోంది. అంటే సగం గాలికి దారి లేదు, మిగతా సగం వేడెక్కకుండానే వెళ్ళిపోతోంది.

మ్యాట్రిక్స్‌ని మెత్తటి బ్రష్షుతో కడిగి, అదే తిరిగి వాడాను. స్పాంజి లోపలి చిన్న చిన్న గాలి గదులు మూసి ఉండే రకం కొన్నాను, తడి పీల్చని రకం. అంచుల చుట్టూ, రేకు తలుపు మీద, డబ్బా గోడకి ఆనుకునే చోట, అన్నిచోట్లా కొత్తది అంటించాను. మందం చూసుకోవాలి, ఎక్కువైతే తలుపు పూర్తిగా మూసుకోదు. నాకు మొదటిసారి అదే జరిగింది, పీకి మళ్ళీ అంటించాను.

డబ్బా బయట ఉండగానే ఆ చెత్త అంత తడిగా ఎందుకుందో చూశాను. జాలీ కిందికి దిగిన వాన నీళ్ళు బయటికి పోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది, గేర్‌బాక్సు పక్కగా కిందికి దిగుతుంది. జాలీలో చెంబుడు నీళ్ళు పోశాను. కింద చుక్కలు చుక్కలుగా వచ్చాయి. బండి కిందికి దూరి గొట్టం చివర నొక్కితే నల్లటి బురద నా మొహం మీదే పడింది. అది మూసుకుపోతే వాన నీళ్ళు హీటర్‌లోకి పొంగి, కార్పెట్ కిందికి చేరతాయి. కార్పెట్ ఎత్తితే కింది అట్ట పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఆ తడి అంతా రాత్రంతా లోపల ఆవిరై పొద్దున్నే అద్దం మీద తేలుతోంది. ఎంత మంచి హీటరైనా తడిబట్టలు ఆరేసిన గదిలో అద్దాలు ఆరబెట్టలేదు. కార్పెట్లు తీసి వారం రోజులు ఆవిడ ఇంట్లో రేడియేటర్ మీద ఆరేయించాను.

చివరి కొలతలు ఫిబ్రవరి మూడో వారంలో, బయట 2 డిగ్రీలు ఉన్న పొద్దున తీశాం. చీలిక దగ్గర 41. చల్లటి ఇంజనుతో మొదలుపెట్టి ఎనిమిదో నిమిషంలో అద్దం డ్రైవర్ వైపు రెండు జానల మేర తేటపడింది, పన్నెండో నిమిషానికి మొత్తం. ఆధునిక కారుతో పోలిస్తే ఇది గొప్పేమీ కాదు. ఒకే వేగం ఉన్న ఫ్యానుతో ఇంతకన్నా రాదు.

మార్చి ఆఖర్లో ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, నాబ్ పూర్తిగా మూసినా కాళ్ళు కాలిపోతున్నాయండి." వాల్వు లోపలి రబ్బరు అరిగి పూర్తిగా మూసుకోవడం లేదు. బురద అడ్డం ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి బయటపడలేదు. కొత్త వాల్వు తెప్పించాను, గ్యాస్కెట్ కూడా. ఎండలు ముదిరేలోపు వేసివ్వాలి.